కందుకూరివారి ఇల్లు

రాజమహేంద్రవరమనగానే మనకు ముందుగ జ్ఞప్తికి వచ్చునది గోదావరి. ఆ వెనుక రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టారకుడు, కోటిలింగాల రేవు, హేవలాకు వంతెన. యాత్రికులై పోయినవారు నదిలో మునిగి, దేవుని దర్శించి, వంతెనవైపు ఒకమారు చూచి తిరుగు బండి ఎక్కుదురు. ఈ పట్టణపు పాత వీథులలో ఒక ఇల్లున్నదనియు, ఆంధ్రదేశపు సంసారములలో వచ్చిన పెద్ద మార్పు ఒకటి ఆ ఇంటి గడపలోపలనే మొదలైనదనియు తెలిసి, దానికొఱకై వెదకుచు పోవువారు తక్కువ. అది కందుకూరివారి ఇల్లు. వీరేశలింగముపంతులుగారు పుట్టినది అందే.

పంతులుగారి జీవితమును గూర్చి బడిపిల్లలును చెప్పగలరు. కావున ఆ చరిత్రనంతయు తిరిగి వల్లించుట మా ఉద్దేశము కాదు. ఒక ఇంటిని గూర్చి చెప్పవలెనని మా కోరిక. దేశచరిత్రను కోటలలోను, సభాభవనములలోను వెదకుట మనకు అలవాటైనది. వంటింటిలోను, పెరటిలోను, వీథి అరుగుమీదను జరిగిన చరిత్ర అంతకంటె తక్కువదేమియు కాదు. కొన్ని సమయములందు అదియే అసలైన చరిత్ర.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన జన్మించిరి. అప్పటికి ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట కట్టించుచుండెను. 1847లో మొదలైన ఆ పని 1852లో ముగిసినది. అనగా ఈ బాలుడు నడక నేర్చి మాటలు నేర్చునాటికి గోదావరి మండలము కరవుసీమయన్న పేరు మాపుకొని అన్నపూర్ణ కాబోవుచున్నది. రాజమహేంద్రవరము నేడు నగరము గాని నాడు చిన్న పట్టణము. కచ్చేరీ ఉన్నది, జిల్లా పాఠశాల ఉన్నది, పండితులున్నారు, పురోహితులున్నారు. ఒక వీథిలో తుమ్మినచో పక్క వీథిలో శకునము చూచుకొనునంతటి ఊరు. ఎవరి ఇంట ఏ కూర వండిరో సాయంకాలమునకు రేవులో తెలిసిపోవును. ఈ సంగతి ముందుముందు మన కథకు అవసరము.

కందుకూరివారి పూర్వులు కందుకూరు నుండి తరలివచ్చినవారు. ఊరిపేరే ఇంటిపేరైనది. నియోగి శాఖవారు. వ్రాతకోతలు, సర్కారు కొలువులు, లెక్కడొక్కలు ఆ శాఖవారికి తరతరములుగ వచ్చిన విద్య. పంతులుగారి తాతగారి పేరును వీరేశలింగమే. ఆయన కుమారులలో వెంకటరత్నముగారు, సుబ్బారాయుడుగారు అన్నదమ్ములు. సుబ్బారాయుడుగారికిని పున్నమ్మగారికిని కలిగిన బిడ్డకు తాతగారి పేరు పెట్టిరి. నాలుగవ ఏటనే తండ్రి పోయెను. అది మొదలు పెదతండ్రి వెంకటరత్నముగారే ఆ పిల్లవానికి తండ్రి. ఉమ్మడి కుటుంబమున పెదతండ్రి చేత పెరిగిన పిల్లవానికి లోటు తెలియదని మన పెద్దలందురు. అది నిజమే కావచ్చును. కాని ఆ ఇంటిలో ఇరువదియైదేండ్లయినను నిండని తల్లియో, ముప్పదియైనను దాటని తల్లియో, వితంతువై మూల కూర్చుండుట నాలుగేండ్లనాటినుండి పిల్లవాని కన్నులకు నిత్యము కనబడు దృశ్యము కాకపోదు. పిమ్మట ఆయన చేసిన పనికిని ఈ దృశ్యమునకును సంబంధము కలదని చెప్పుటకు మాకు వ్రాతమూలమైన ఆధారము లేదు. అయినను చదువరులు ఈ మాటను మనసున నుంచుకొందురుగాక.

ఐదవ ఏట వీథిబడి. బాలరామాయణము, అమరము, ఆంధ్రనామసంగ్రహము, సుమతీశతకము, రుక్మిణీకల్యాణము. పండ్రెండవ ఏట జిల్లా పాఠశాలలో ఇంగ్లీషు చదువు. ఆ కాలపు మంచి ఇంటి పిల్లవాని చదువు ఇంతకు మించి వేఱుగ నుండదు. ఇంటిలో పూజలును ఉపవాసములును ఎంత ఉండెనో మంత్రములయందును దయ్యములయందును నమ్మకము అంత ఉండెను. బాలుడు మొదట అన్నియు నమ్మెను. పెరిగినకొలది ఒక్కొక్కటే పరీక్షింప మొదలుపెట్టెను. దయ్యము లేదని నోటితో చెప్పిన చాలదని నడిరాత్రి శ్మశానమునకు పోయి రాదొడగెను. దుర్ముహూర్తమున ప్రయాణము కట్టెను. ఈ చేష్టలు ఇంటి ఆడువారిని ఎంత భయపెట్టియుండునో ఊహింపవచ్చును. నమ్మనిదానిని నమ్మినట్లు నటింపలేకపోవుట ఆయన స్వభావము. ఈ స్వభావము వలన ఆయనకు స్నేహితులు తగ్గిరి, శత్రువులు పెరిగిరి, దేశమునకు మాత్రము మేలు కలిగినది.

1861లో ఆయనకు పదుమూడవ ఏట పెండ్లి చేసిరి. వధువునకు ఎనిమిదేండ్లు. పుట్టినింట బాపమ్మ, అత్తవారింట రాజ్యలక్ష్మి. బాల్యవివాహములను ఖండించుచు పుటలకు పుటలు వ్రాసిన మహనీయుడు స్వయముగ బాల్యవివాహము చేసికొన్నవాడే. దీనిని వింతగ చెప్పుకొనువారున్నారు. మాకిందు వింత ఏమియు తోచదు. పదుమూడేండ్ల పిల్లవానిని పీటలమీద కూర్చుండబెట్టినపుడు ఆతని అభిప్రాయము అడిగినవారెవరు? ఎనిమిదేండ్ల పిల్లను అడిగినవారసలే లేరు. అట్లు అడుగకుండ ముడివేసిన ఆ ముడి అరువది యేండ్ల ఆంధ్రసంఘచరిత్రలో ఎన్నదగిన దాంపత్యముగ పరిణమించుట మాత్రము అదృష్టమే.

చదువు ముగిసిన పిమ్మట ఆయనకు సర్కారు కొలువు దొరకునదే. కచ్చేరీ ఉద్యోగములలో లంచము లేక బ్రతుకుట కష్టమని తెలిసి ఉపాధ్యాయవృత్తిని కోరుకొనిరి. కోరంగిలోను, ధవళేశ్వరములోను పనిచేసిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల కొక పాఠశాల పెట్టిరి. ఆ సంవత్సరముననే ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించిరి. మొదట చెన్నపట్నమున అచ్చుపడుచుండెను. తరువాత రాజమహేంద్రవరముననే స్వంత ముద్రణశాల ఏర్పడినది. స్త్రీవిద్య కూడదనెడి కొక్కొండ వెంకటరత్నముపంతులుగారి ‘ఆంధ్రభాషాసంజీవని’కి ప్రత్యుత్తరముగ ‘హాస్యసంజీవని’ వెలువడినది. ఈ ఇరువురు పంతుళ్ల కలహము ఆ కాలపు చదువరులకు మంచి వినోదము. కాని వివేకవర్ధని కేవలము వినోదముకొఱకు పుట్టలేదు. న్యాయస్థానములలో లంచము పుచ్చుకొనువారిని గూర్చియు, వేశ్యాసంపర్కమును గొప్పగ చెప్పుకొను పెద్దమనుష్యులను గూర్చియు, ముసలివారికి పసిపిల్లలనమ్ము తండ్రులను గూర్చియు అది వ్రాసినది. చిన్న ఊరిలో ఇట్టి వ్రాతలు వ్రాసిన ఇంటికి పగలు మాటలతో దెబ్బలు, రాత్రి రాళ్లతో దెబ్బలు తప్పవు.

ఇక అసలు విషయమునకు వత్తము.

వితంతువుల స్థితిని నేటివారికి వివరించి చెప్పవలసియున్నది. పదేండ్లు నిండకముందే పిల్లకు పెండ్లి. వరుడు ఏబదియేండ్లవాడైనను అడ్డులేదు; కన్యాశుల్కము చేతబడిన చాలును. వరుడు పోవును. మామగారి ముఖమైనను సరిగ ఎఱుగని పిల్ల పుట్టినింటనే వితంతువగును. ఈడు వచ్చినపిదప తలవెండ్రుకలు తీయింతురు. ఒంటిపూట భోజనము, ముతక గుడ్డ, చాప. శుభకార్యమునకు ఎదురుపడరాదు. ప్రయాణమై పోవువాడు ఆమె ముఖము చూచిన వెనుకకు మరలి కాళ్లు కడిగికొని కూర్చుండును. ఆమె చేతి వంట మాత్రము అందఱకును కావలెను. మడివంటకు ఆమెయే దిక్కు. ఇంటెడు చాకిరి చేయు మనిషి ఇంటిలో అమంగళము. ఈ విరుద్ధము ఎవరికిని విరుద్ధముగ తోపకుండుటయే ఆచారము యొక్క బలము.

చట్టమున్నది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషివలన 1856లో వితంతువివాహమును చెల్లుబాటు చేయుచు ప్రభుత్వము శాసనము చేసినది. తిరిగి పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై హక్కు పోవునని ఆ శాసనమే చెప్పినది. అయినను పెండ్లి చెల్లును, బిడ్డలు ధర్మ్యసంతానమగుదురు. అంతవరకు మేలు. కాని శాసనము పుట్టి ఇరువదియైదేండ్లు గడచినను గోదావరి తీరమున దానిని ఉపయోగించుకొన్న వితంతువు ఒక్కతెయు లేదు. కాగితముమీది హక్కుకును అగ్నిసాక్షిగ జరుగు పెండ్లికిని నడుమ ఎంత దూరమున్నదో ఇందువలన తెలియుచున్నది. ఆ దూరము దాటుటకు ఎవరో ఒకరు తమ ఇల్లు ఇయ్యవలెను. పందిరి వేయుటకు ఒక ఇల్లు, వండుటకు ఒక పొయ్యి, వడ్డించుటకు ఒక ఇల్లాలు కావలెను.

1879వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన పంతులుగారు వితంతువివాహమును గూర్చి రాజమహేంద్రవరమున తమ మొదటి ఉపన్యాసము నిచ్చిరి. కలియుగమునకు ప్రమాణమని చెప్పబడు పరాశరస్మృతిని ఆధారము చేసికొని, శాస్త్రము పునర్వివాహమునకు అడ్డుచెప్పదని వాదించిరి. విద్యాసాగరులు వంగదేశమున నడచిన త్రోవయే ఇది. యుక్తిచేత మాత్రమే వాదించిన మన పండితులు వినరు. శాస్త్రముచేత వాదించిన వినకపోయినను సమాధానము చెప్పవలసివచ్చును. ఈ యుపాయము బాగుగ ఫలించినది. పండితులు సభలు చేసిరి, ఖండనములు వ్రాసిరి. ఖండనములకు పంతులుగారు ప్రతిఖండనములు వ్రాసిరి. రెండేండ్లు గడచినవి. ఊరంతయు ఇదే చర్చ. పెండ్లి మాత్రము ఒక్కటియు కాలేదు.

ఎందువలన? వరుని సంపాదించుటయు వధువును సంపాదించుటయు రెండును కష్టమే. రెండవది మఱింత కష్టము. సభలో చప్పట్లు కొట్టువాడు ఇంటికి పోయి తన వితంతుపుత్రికను పంపునా? పంపదలచినను ఇంటిలోని ముసలమ్మలు పంపనిత్తురా? ఈ ప్రయత్నములన్నియు గుట్టుగ సాగవలసివచ్చినవి. పంతులుగారికి అండగ నిలిచినవారిలో ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు ముఖ్యులు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. ధనమిచ్చినవారు వైశ్యులు, పెండ్లిండ్లు జరుగవలసినవి బ్రాహ్మణులలో. తమ కులమునకు సంబంధింపని పనికి ఇంత ఉదారముగ చేయిచాచిన పుణ్యాత్ముని పేరు నేడు చాలమందికి తెలియకుండుట మన కృతఘ్నత. వీరిని మించిన బలము విద్యార్థులు. పంతులుగారి వద్ద చదివిన పిల్లలు గురువు వెంట గోడవలె నిలిచిరి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఆ పెండ్లి జరిగినది. వరుడు గోగులపాటి శ్రీరాములు. వధువు గౌరమ్మ అను బాలవితంతువు. పెండ్లి పంతులుగారి ఇంటనే. వీథిలో జనము నిండిపోయిరి. చూడవచ్చినవారెందఱో, చెఱుపవచ్చినవారెందఱో చెప్పరాదు. పోలీసులు కాపుండిరి. విద్యార్థులు ఇంటిచుట్టు నిలిచిరి. లోపల మంత్రములు సాగినవి, మంగళసూత్రధారణమైనది, తలంబ్రాలు పోసిరి. శాస్త్రములో చెప్పిన తంతులో ఒక్క దర్భయైనను తక్కువ కాకూడదని పంతులుగారి పట్టుదల. ఇది చాటుమాటుగ జరిగిన ముడి కాదనియు, పదిమంది పెండ్లివంటి పెండ్లియే యనియు ఊరికి చూపవలెను గదా.

ఆ రాత్రి ఎట్లో గడచినది. తెల్లవారిన వెనుకనే అసలు పరీక్ష.

వెలివేయుట యనగా ఏమో నేటివారికి స్పష్టముగ తెలియదు. ఒక తీర్మానము చదివి ఒక మనిషిని సంఘమునుండి తొలగించుట మాత్రమే యని అనుకొందురు. అది మనిషిమీద పడు దెబ్బ కాదు, ఇంటిమీద పడు దెబ్బ. ఆ ఇంటిలో ఎవరును భోజనము చేయరు. ఆ ఇంటివారిని ఎవరును బంతికి పిలువరు. పురోహితుడు గడప త్రొక్కడు. మంగలి రాడు, చాకలి రాడు. వంటవాడు గరిటె దించి పోవును. నీళ్లకావడి మోయువాడు కావడి దించి పోవును. తండ్రి తద్దినమునకు భోక్తలు దొరకరు. కూతురు అత్తవారింటికి పోయినచో అక్కడనుండి తిరిగి పంపుదురు, కుమారునకు పిల్లనిచ్చువారుండరు. ఇంటిలో ఎవరైన పోయినచో మోయుటకు నలుగురు రారు. ఇన్ని వైపులనుండి ఇల్లు కట్టివేయబడును. వేఱుగ రాయి విసరనక్కఱలేదు. పెండ్లికి వచ్చినవారందఱికిని ఈ వెలి తగిలినది. వచ్చెదమని మాటయిచ్చి రానివారు అదృష్టవంతులమనుకొనిరి. వచ్చినవారిలో కొందఱు నాలుగు దినములు తాళలేక ప్రాయశ్చిత్తము చేసికొని, పంతులుగారి సావాసము విడిచి తిరిగి కులములో కలిసిరి. వారిని పిఱికివారని తిట్టుట సులభము. ఇంటిలో ఈడువచ్చిన పిల్లలున్న తండ్రి ఏమిచేయునో మనము తొందరపడి తీర్పు చెప్పరాదు.

ఆ దినములలో కందుకూరివారి ఇంటిలోని వంటవారు వెడలిపోయిరి, నీళ్లు తెచ్చువారు వెడలిపోయిరి. పెండ్లివారున్నారు, వధూవరులున్నారు, కావలియున్న పిల్లలున్నారు. వీరందఱికి నీరు, అన్నము. అపుడు రాజ్యలక్ష్మమ్మగారు బిందె చేతబట్టుకొని గోదావరికి నడచిరి. తామే నీళ్లు మోసితెచ్చి, తామే వండి, తామే వడ్డించిరి.

ఈ వాక్యము ప్రతి పుస్తకమునందును ఉన్నది. ఒక్క వాక్యముగ చెప్పి ముందుకు పోవుట మన చరిత్రకారుల అలవాటు. మేము మాత్రము ఇచట కొంత నిలువగోరెదము. ఇంటినుండి రేవునకు ఆ నడక ఎట్లుండినదో ఆలోచింపుడు. రేవు ఆడువారి సభ. సభలో పంతులుగారికి శత్రువులైన పండితుల భార్యలు, తల్లులు, కోడండ్రు అక్కడనే ఉన్నారు. నిన్నటివరకు పేరంటమునకు పిలిచినవారే. నేడు ఆమె మెట్లు దిగుచుండగ కొంగులు ప్రక్కకు లాగికొందురు, మాటలాపుదురు, ఆమె ముంచిన చోట తాము ముంచక ఎగువకు పోదురు. పంతులుగారికి మైదానమున వాదింప ప్రతిపక్షము కలదు. మాటకు మాట చెప్పవచ్చును, పత్రికలో వ్రాయవచ్చును, వ్రాసి గెలువవచ్చును. ఆమెకు ఎదురుగ ఉన్నది నిశ్శబ్దము. దానికి ప్రత్యుత్తరము లేదు. బిందె నింపుకొని మెట్లెక్కి రావలెను, మఱల పోవలెను. ఇది ఒకనాటి పని కాదు. భర్తను విడిచి పుట్టినింటికి రమ్మని బంధువులు పిలువకపోలేదు. ఆమె పోలేదు.

వితంతువివాహోద్యమము సభలో గెలిచెనా, వంటింటిలో గెలిచెనా యని మమ్మడిగినచో, వంటింటిలోనని చెప్పుటకు మేము సంకోచింపము. ఆనాడు ఆ పొయ్యి రాజకున్నచో పంతులుగారు పదిమందిని ఇంటిలో నిలుపుకొనలేకపోయెడివారు. వెలి అనునది అన్నముతోను నీటితోను ఇంటిని లొంగదీయు యుద్ధము. అన్నమును నీటిని తన రెండు చేతులతో సమకూర్చిన ఇల్లాలు ఉండుటవలన ఆ యుద్ధము ఓడిపోయినది. విచారమేమనగా, ఆమె తన మాటగ వ్రాసి యుంచినది మనకు లేదు. ఆమెను గూర్చి మనము చదువునది ఎక్కువభాగము భర్తగారి స్వీయచరిత్రమునుండియే. ఆయన కృతజ్ఞతతోనే వ్రాసిరి. అయినను రేవుమెట్లమీద ఆమె మనసులో ఏమి తోచినదో ఆయనకును తెలిసియుండదు.

మొదటి పెండ్లి జరిగిన నాలుగు దినములకే రెండవ పెండ్లి జరిగినది. పట్టణమునకు ఊపిరి తీసికొనుటకు వ్యవధి లేకపోయెను. ఆ తరువాత ఒకటొకటిగ పంతులుగారు చేయించిన వితంతువివాహములు దాదాపు నలుబది. మహాదేవ గోవింద రానడేగారు ఆయనను దక్షిణదేశపు విద్యాసాగరుడని కొనియాడిరి. నలుబది యను సంఖ్యను చూచి ఇంతేనా యనువారున్నారు. ఒక్కొక్క పెండ్లికి ఒక్కొక్క ఇల్లు వెలిపడుచున్న కాలమున నలుబది యనగా నలుబది యుద్ధములు.

పెండ్లి చేసి పంపివేసిన తీరునదియు కాదు. వెలిపడిన దంపతులకు ఊరిలో ఇల్లు అద్దెకు దొరకదు. ఉద్యోగము పోవును. అందువలన వారి బస, భోజనము, చదువు, ఉద్యోగముకొఱకు సిఫారసు, పురిటికి మంత్రసాని, అన్నియు పంతులుగారి భారమే. సంతానము లేని ఆ ఇల్లు పరుల పిల్లలతో నిండిపోయినది. వచ్చినవారందఱు ఆదర్శముచేత వచ్చినవారు కారు. ధనాశచేత పెండ్లాడిన వరులును ఉండిరి. పెండ్లియైన వెనుక ఇంత ఇయ్యవలెనని పేచీ పెట్టినవారు, ఇచ్చినది చాలలేదని దూషించినవారు, పంతులుగారిని విడిచి విరోధులలో కలిసినవారు ఉండిరి. ఈ చేదును పంతులుగారు స్వీయచరిత్రములో దాచలేదు. మహాపురుషుల జీవితములను పటములవలె అలంకరించి చూపుటకంటె ఈ భాగములను చదువుట మేలని మేము తలంతుము. ఒక మంచి పని చేయుటకు ఎన్ని చిల్లర తగవులు సహింపవలెనో అందు తెలియును.

మఱియొక మాటయు చెప్పవలెను. ఆ పెండ్లిండ్లలో వధువులు చాలవఱకు పసివారు. నేటి మన దృష్టికి ఆ పునర్వివాహమును ఒక బాల్యవివాహమే. ఆ బాలికల ఇష్టానిష్టములు ఏమో చరిత్రలో లిఖింపబడలేదు. గౌరమ్మ యను పేరు, పెండ్లి తేదీ, అంతే. బాల్యవివాహమును నిరోధించుచు బాలికల వివాహవయస్సును పదునాలుగేండ్లుగ నిర్ణయించిన శారదాశాసనము 1929లో వచ్చినది. అప్పటికి పంతులుగారు గతించి పదేండ్లు. వితంతువుల దుఃఖమునకు మూలము పసిపెండ్లి యని ఆయన ఎఱుగుదురు, ఎలుగెత్తి చెప్పిరి. కాని కూలిన ఇంటిని ముందు నిలబెట్టి, పునాదిని తరువాత సరిచేయవలసిన కాలమది.

ఇంత కలహములో ఆయన వ్రాసిన వ్రాత చూచినచో ఆశ్చర్యమగును. రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో వెలువడనారంభించి 1880లో గ్రంథమైనది. అది 1887లో ఇంగ్లీషులోనికిని పోయినది. 1883లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ పత్రిక. ప్రహసనములు, ఆంధ్రకవుల చరిత్ర, శాస్త్రగ్రంథములు. నిరోష్ఠ్యముగ నైషధము వ్రాయగల పాండిత్యముండియు, ఆడువారికిని పిల్లలకును తెలియు తేటవచనము వ్రాయుటకు ఆ పాండిత్యమును ప్రక్కకు పెట్టిన మనిషి. ఇంటిలో పదిమందికి వంట జరుగుచుండగ, వీథిలో ఎవరో తిట్టుచుండగ, ఒక మూల కూర్చుండి వ్రాసిన వచనమిది. ఆ తేటదనమునకు ఆ ఇంటి సందడియు కొంత కారణమేమో. వినువారు ఎదుటనే ఉన్నపుడు కఠినముగ వ్రాయుట కుదరదు. రేడియోలో మాటలాడుటయే వృత్తిగ గల మాకు ఈ సంగతి అనుభవమున తెలియును.

1890లో పంతులుగారు రాజమహేంద్రవరమున పురమందిరము కట్టించిరి. 1893లో ప్రభుత్వము రావుబహద్దూరు బిరుదమిచ్చినది. వెలివేసిన ఊరే మెల్లగ నమస్కరించుట నేర్చినది. ఉత్తరకాలమున కొన్నేండ్లు చెన్నపట్నమున ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగ నుండిరి. 1898లో చెన్నపట్నమున జరిగిన దేశీయ సంఘసంస్కారసభకు అధ్యక్షత వహించిరి. తిరిగి స్వస్థలమునకు వచ్చి హితకారిణీసమాజమును స్థాపించి తమ ఆస్తినంతయు దానికి ధారపోసిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. అది మొదలు పంతులుగారి ఉత్సాహము సన్నగిల్లినది. 1919 మే 27వ తేదీన చెన్నపట్నములో ఆయన కన్నుమూసిరి. ఇద్దఱి సమాధులును రాజమహేంద్రవరముననే వారి తోటలో ఉన్నవి.

ఇల్లు మాత్రము నిలిచియున్నది. రాష్ట్ర పురావస్తుశాఖవారు దానిని స్మారకమందిరముగ రక్షించుచున్నారు. 1974లో తపాలాశాఖవారు పంతులుగారి పేర ఒక బిళ్ల వెలువరించిరి. పట్టణము పెరిగి నగరమై ఆ పాత వీథులను ఇఱుకుచేసినది. మేము చూడబోయిన నాడు లోపల మాతోపాటు నలుగురైదుగురు మాత్రమే ఉండిరి. అందఱును గోడమీది పటములను చూచుచుండిరి. అక్కడ కావలియున్న యువకుని మేము ఒక్క ప్రశ్న అడిగితిమి, వంటిల్లు ఎచ్చట నుండెడిదని. ఆతడు ఒక క్షణము మావైపు చూచి, ఈ ప్రశ్న ఎవరును అడుగరండీ యని, పెరటివైపు చేయి చూపెను.